నల్లబడ్డ స్క్రీన్, నోరు విప్పని మరిది

గుంటూరు జిల్లా నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది, కుదించి చెప్తున్నాను.

ఆమె బీకామ్ చదివారు. ఆరేళ్ల క్రితం ఊళ్లో ఒక ఎరువుల కొట్టుకి లెక్కలు రాయడంతో మొదలుపెట్టి, ఇప్పుడు 11 షాపులకి టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాస్తూ, జీఎస్టీ రిటర్నులు వేస్తున్నారు. అంతా డైనింగ్ టేబుల్ మీదే, ఒక్క లాప్‌టాప్‌తో. రెండేళ్ల నాలుగు నెలల క్రితం 46,000 పెట్టి కొన్నారు. వారంటీ ఏడాదే. కొన్నప్పుడు దాన్ని సెట్ చేసి ఇచ్చింది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మరిది.

మొన్న ఆదివారం ఆ మరిది ఊరికి వచ్చాడు. "ఇన్ని అప్‌డేట్లు పెండింగ్ పెట్టుకున్నావేంటి వదినా" అంటూ అన్నీ నొక్కేశాడు. వాటిలో బయోస్ (మెషీన్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ కూడా ఉంది. లాప్‌టాప్ రీస్టార్ట్ అయి, కంపెనీ గుర్తు కింద ఒక గీత మెల్లగా నిండడం మొదలైంది. సగం దగ్గర ఆగినట్టు కనిపించింది. ఇరవై నిమిషాలు చూశాడు. బస్సుకి టైమవుతోంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాడు. అంతే. ఇప్పుడు ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగిపోతుంది, క్యాప్స్ లాక్ లైటు ఆగి ఆగి మిణుకుమంటుంది. స్క్రీన్ మాత్రం నలుపు.

"మదర్‌బోర్డు పోయినట్టుంది, కొత్తది కొనిస్తాలే వదినా" అని అతను ఒక మెసేజ్ పెట్టాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. అత్తగారేమో "రాత్రీ పగలూ దాని ముందే కూర్చుంటే పాడవక ఏమవుతుంది" అంటున్నారు. బటన్ నొక్కింది ఎవరో ఈమెకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. భర్త "ఎంతవుతుందో కనుక్కో" అని ఊరుకున్నారు.

సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చాలి, 21,500 అన్నారు. డేటాకి మాది బాధ్యత కాదని సంతకం పెట్టమంటే పెట్టకుండా తెచ్చేసుకున్నారు. బజార్లో ఒకాయన "విండోస్ కొత్తగా వేస్తే సరిపోద్ది, 800" అన్నాడు. ఇంకొకాయన "బయోస్ చిప్ ప్రోగ్రామ్ చేస్తాం, 2,500, రెండు రోజులు వదిలేసి పాస్‌వర్డ్ చెప్పి వెళ్లండి" అన్నాడు. టాలీ బ్యాకప్ చివరిసారి తీసి నాలుగు నెలలైంది. అదృష్టం ఏమిటంటే, 10వ తేదీకల్లా అందరి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను, వేసేశారు. 20లోపు 3బీలు, అంటే పన్ను లెక్కతేల్చి కట్టే రిటర్నులు, వేయాలి. ఉత్తరం చివర ఇలా రాశారు: "దాని మూత తెరవాలంటే చేతులు వణుకుతున్నాయి. తప్పు నాదా? ఎవరి మాట నమ్మాలి? మరిది సంగతి ఇంట్లో చెప్పాలా?"

*

మీరు మంచి పని ఒకటి చేశారు. ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నారు. మీ టెన్షన్‌లో అది మీకు పనిగా కనిపించలేదేమో గానీ, ఈ వారం మొత్తానికి అదే ముఖ్యమైనది.

ఎందుకంటే మీ లాప్‌టాప్ వేరు, మీ లెక్కలు వేరు. పాడైంది లాప్‌టాప్.

బయోస్ అనేది ఇంట్లో అందరికంటే ముందు లేచి, లైటు వేసి, పొయ్యి వెలిగించి, మిగతావాళ్లని ఒక్కొక్కరినీ లేపే మనిషి లాంటిది. మెమరీని, స్క్రీన్‌ని, డిస్క్‌ని వరసగా లేపి, చివర్లో విండోస్‌కి ఇల్లు అప్పగించి పక్కకి తప్పుకుంటుంది. అది ఉండేది మదర్‌బోర్డు మీద, వేలి గోరంత కూడా లేని ఒక చిప్‌లో. అప్‌డేట్ అంటే ఆ చిప్‌లో ఉన్నది చెరిపి కొత్తది రాయడం. మధ్యలో కరెంటు తీసేస్తే పాతది సగం పోయి ఉంటుంది, కొత్తది సగమే వచ్చి ఉంటుంది. లేపే మనిషే లేవకపోతే ఇంట్లో ఎవరూ లేవరు. కానీ పిల్లల పుస్తకాలు బ్యాగులో ఎక్కడివి అక్కడే ఉంటాయి. మీ టాలీ ఉన్న ఎస్ఎస్‌డీ, అంటే ఫైళ్లన్నీ దాచే డిస్క్, ఆ బ్యాగు. బయోస్ అప్‌డేట్ దాని జోలికి పోదు.

అందుకే 800 రూపాయల ఆయన మాట ముందు పక్కన పెట్టండి. స్క్రీన్ మీద కంపెనీ గుర్తే రాని మెషీన్‌కి విండోస్ కొత్తగా వేస్తే ఏమీ బాగుపడదు. పైగా ఆ పనికి ఎస్ఎస్‌డీ తీసి ఇంకో మెషీన్‌లో పెట్టి ఫార్మాట్ కొడితే బాగున్న ఒక్కటీ పోతుంది. ఆయన చెడ్డవాడని కాదు. ఏ జబ్బుకైనా అదే గోళీ ఇచ్చే అలవాటు కొందరికి.

20వ తేదీ భయం కూడా మీరనుకున్నంత లేదు. జీఎస్టీఆర్-1 వేసేశారు కాబట్టి అమ్మకాల లెక్క పోర్టల్‌లో ఉంది. కొనుగోళ్ల మీద కట్టిన పన్ను క్రెడిట్ పోర్టల్‌లో 14న తయారయ్యే 2బీ పట్టికలో వస్తుంది. 3బీ తెరిస్తే ఈ రెండూ చాలావరకు వాటంతటవే నిండి ఉంటాయి. మామూలుగా మీరు టాలీతో సరిచూసుకుంటారు, ఈసారి బిల్లుల కట్టతో సరిచూసుకోవాలి. షాపులవాళ్లని కొనుగోలు బిల్లుల ఫోటోలు పంపమనండి. రివర్స్ ఛార్జ్ (కొన్నవాళ్లే పన్ను కట్టడం) ఉన్నవాళ్లు, క్రెడిట్ వెనక్కి తీయాల్సినవాళ్లు ఎవరెవరో మీకు నోటికొచ్చు, వాళ్లవి మాత్రం నిదానంగా చూడండి. తెలిసినవాళ్ల లాప్‌టాప్ రెండు రోజులు అడిగి తెచ్చుకోండి. నెట్ సెంటర్‌లో కూర్చుని 11 మంది పాస్‌వర్డ్లు కొట్టొద్దు. ఓటీపీ ఎలాగూ షాపు ఓనరు ఫోన్‌కే వస్తుంది. ఒకరిద్దరివి తప్పిపోయినా రోజుకి 50 రూపాయలు ఆలస్య రుసుము, నిల్ రిటర్న్ అయితే 20, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. మీ పేరుకి బాగుండదు, నిజమే. కానీ అది కొంప మునిగే మొత్తం కాదు. ఓనర్లకి దాచకుండా చెప్పండి: "లాప్‌టాప్ రిపేర్‌లో ఉంది, రిటర్న్ టైముకి పడుతుంది, బిల్లులు కాస్త ముందు పంపండి." ఆలస్యమయ్యాక చెప్పే కారణం సాకులా వినిపిస్తుంది.

ఇక మెషీన్ దగ్గరికి వద్దాం. ఇంట్లోనే ఖర్చు లేకుండా చేసి చూడాల్సినవి రెండున్నాయి. భయపడకండి, ఇప్పుడున్న స్థితికంటే కిందికి దింపేవి కావు.

చార్జర్ తీసేయండి. మౌసు, పెన్‌డ్రైవ్, డిజిటల్ సంతకం టోకెన్, ఏది గుచ్చి ఉన్నా తీసేయండి. పవర్ బటన్ నొక్కిపట్టి గడియారం చూసి 40 సెకన్లు ఉంచండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది, కొన్ని మెషీన్లలో బయోస్ సెట్టింగులు కూడా మొదటికొస్తాయి. తర్వాత చార్జర్ ఒక్కటే పెట్టి, ఆన్ చేసి, పదిహేను నిమిషాలు దాని మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోండి. బయోస్ మారాక మొదటిసారి మెషీన్ తన మెమరీని కొత్తగా పరీక్షించుకుంటుంది, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. నా పాత లాప్‌టాప్ ఒకటి అలా నన్ను ఏడిపించి, నేను పక్కింటాయనతో మాట్లాడుతుండగా దానంతటదే లేచి కూర్చుంది. మీ దాంట్లో క్యాప్స్ లాక్ మిణుకుమంటోంది కాబట్టి ఇంత సులువుగా తేలుతుందని ఆశ పెట్టను. కానీ ఆ మిణుకు ఊరికే కాదు, అది మెషీన్ చెప్పే మాట. ఎన్నిసార్లు వెలిగి ఎంతసేపు ఆగుతోందో ఫోన్‌లో వీడియో తీసుకోండి. మీ మోడల్ మాన్యువల్‌లో ఏ లెక్కకి ఏ అర్థమో ఉంటుంది. రేపు ఏ మెకానిక్ దగ్గరికెళ్లినా ఆ వీడియో చూపించండి, నోటిమాట కంటే పనికొస్తుంది.

రెండోది బయోస్ రికవరీ. ఇప్పుడొచ్చే చాలా లాప్‌టాప్‌లలో కంపెనీలు ఇలాంటి రోజు వస్తుందని తెలిసే ఒక దొడ్డిదారి పెడతాయి. హెచ్‌పీలో చార్జర్ పెట్టి, విండోస్ కీ, బీ కలిపి నొక్కి ఉంచి, పవర్ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కి వదలాలి. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ నొక్కి ఉంచి చార్జర్ గుచ్చాలి. మిగతా కంపెనీలవి వేరు. థింక్‌ప్యాడ్‌లలో కొన్నింటికి అడుగున గుండుసూది పట్టే రీసెట్ రంధ్రం ఉంటుంది. మీ మోడల్‌కి ఏదో ఆ కంపెనీ సపోర్ట్ పేజీలో చూసి అదే చేయండి. తోచిన మీటలన్నీ నొక్కడం వల్ల ఉపయోగం లేదు.

పెన్‌డ్రైవ్‌తో కూడా ఇదే చేయొచ్చు. ఖాళీ పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌లో ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, మీ లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు కొట్టి, సరిగ్గా ఆ మోడల్ బయోస్ ఫైలే కంపెనీ సైటు నుంచి దింపి అందులో వేయాలి. డెల్‌లో అయితే ఆ ఫైలు పేరు బయోస్_ఐఎంజీ.ఆర్‌సీవీ అని (ఇంగ్లీషు అక్షరాల్లో) మార్చాలి. హెచ్‌పీ ఫైలు తనే పెన్‌డ్రైవ్ తయారు చేస్తుంది. పేరులో ఒక్క అంకె తేడా ఉన్న మోడల్ ఫైలు వేయొద్దు. ఒక హెచ్చరిక: మీ పాత టాలీ బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్‌ని పొరపాటున కూడా ఈ పనికి వాడకండి. చేతికి అందేది ఎప్పుడూ అదే!

రికవరీ మొదలై గీత కదిలితే, ఈసారి ఆగినట్టు కనిపించినా బటన్ ముట్టుకోవద్దు. ఫ్యాన్ గట్టిగా తిరగొచ్చు, స్క్రీన్ ఆరిపోవచ్చు, రెండు మూడుసార్లు రీస్టార్ట్ కావచ్చు. గంట వదిలేయండి. ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌కి పెట్టండి. మీ ఊళ్లో కరెంటు సంగతి నాకంటే మీకే తెలుసు.

ఇవి రెండూ పనిచేయకపోతే, బాగుచేయించే ముందు లెక్కలు బయటికి తీయండి. ఈ వరస మార్చొద్దు. అడుగు మూత తీస్తే ఎస్ఎస్‌డీ చూయింగ్ గమ్ బిళ్లంత ఉంటుంది, ఒక్క స్క్రూ. దాన్ని పెట్టుకునే యూఎస్‌బీ డబ్బా వెయ్యి, రెండు వేల మధ్య దొరుకుతుంది. ఎన్‌వీఎంఈ, శాటా అని రెండు రకాలుంటాయి, షాపువాడికి ఎస్ఎస్‌డీ చూపించి కొనండి. మూత తీయడం రాకపోతే మెకానిక్‌తో తీయించండి, కానీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. ఇంకో కంప్యూటర్‌కి గుచ్చితే మీ లాప్‌టాప్ సీ డ్రైవ్ అక్కడ కనిపిస్తుంది (రికవరీ కీ అడిగితే ఆ సంగతి చివర్లో). అందులో యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్, డేటా అని లోపలికెళ్తే అంకెల పేర్లతో ఫోల్డర్లుంటాయి. మీరు వేరేచోట పెట్టుకుని ఉంటే అక్కడ చూడండి. 11 షాపులకి సరిపడా ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని, ఎక్స్‌ఎల్ ఫైళ్లతో సహా కాపీ చేసుకోండి. అరువు తెచ్చుకున్న లాప్‌టాప్‌లో టాలీని లైసెన్సు లేకుండా నడిచే ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరిచినా పాత లెక్కలు చూసుకోవచ్చు. కొత్త ఎంట్రీలు మాత్రం నెలలో 1, 2, 31 తేదీలకే పడతాయి. లైసెన్సు మార్చుకునే సంగతి టాలీ అమ్మినవాళ్లతో మాట్లాడండి.

కొన్ని పల్చటి మోడళ్లలో ఎస్ఎస్‌డీ బోర్డుకే అతికించి ఉంటుంది, తీయడం కుదరదు. మీదీ అలాంటిదే అయితే బోర్డు మార్చడమంటే లెక్కలు పోగొట్టుకోవడమే. అప్పుడు చిప్ రిపేర్ ఒక్కటే దారి.

రిపేర్ సంగతికొస్తే, 2,500 అన్న ఆయన మాటలో పస ఉంది. సగం రాసిన చిప్‌ని బయటి నుంచి ప్రోగ్రామర్ పెట్టి తిరిగి రాయడం పాత పద్ధతే, మీ మెషీన్‌కి వచ్చిన జబ్బుకి సరైన మందు కూడా. ఆయనకి పని తెలుసో లేదో తేల్చడానికి ఒక్క ప్రశ్న అడగండి: "రాసే ముందు చిప్‌లో ఉన్నది కాపీ తీసి ఉంచుతారా?" తీస్తానంటే, సీరియల్ నంబరు, నెట్‌వర్క్ అడ్రసు, మీ విండోస్ కీ లాంటివి పాత కాపీ నుంచి తెచ్చి కొత్తదాంట్లో కలపగలడు. "నెట్‌లో ఫైలుంది మేడమ్, వేసేస్తా" అంటే లాప్‌టాప్ లేవొచ్చు, కానీ ఎవరిదో సీరియల్ నంబరుతో లేస్తుంది. రేపు విండోస్ యాక్టివేషన్ అడిగితే మళ్లీ తిప్పలు. పాస్‌వర్డ్ అయితే ఇవ్వొద్దు. బయోస్ పనికి విండోస్ పాస్‌వర్డ్‌తో అవసరం లేదు. కంపెనీ గుర్తు వచ్చి, పాస్‌వర్డ్ అడిగే తెర కనిపిస్తే చాలు, మిగతాది మీరొచ్చి కొడతారు. మీ బ్రౌజర్‌లో 11 మంది జీఎస్టీ పాస్‌వర్డ్లు సేవ్ అయి ఉంటాయి కదా. ఎస్ఎస్‌డీ తీసి ఇంట్లో పెట్టుకుని ఉత్త మెషీన్ ఇవ్వడం అన్నిటికంటే మేలు. అది లేకపోయినా బయోస్ లేస్తుంది. ఊళ్లో నమ్మకం కుదరకపోతే, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇలాంటి చిప్ పని చేసే షాపులున్నాయి. అక్కడికి తీసుకెళ్లే మనిషి కూడా మీకున్నాడు, అతని సంగతి చివర్లో.

21,500 పెట్టి బోర్డు మార్చడం చివరి దారి. రెండేళ్లు దాటిన 46,000 మెషీన్‌కి దాదాపు సగం ధర. లాభం ఏమిటంటే కంపెనీ పని, ఆ పనికి కొంత గ్యారంటీ ఇస్తారు, ఎంతకాలమో రాయించుకోండి. నా చేతిలో డబ్బయితే చిప్ రిపేర్ విఫలమయ్యాక కూడా దీనికి పెట్టను, ఇంకొంత కలిపి కొత్తది కొంటాను. కానీ నెలకి మీ సంపాదన ఎంతో, ఇంకో రెండేళ్లు ఇదే చాలనుకుంటారో మీకే తెలుసు.

కంపెనీని అడగొచ్చా అంటే, అడగండి. అప్‌డేట్ పంపింది వాళ్లే. ఈమెయిల్ రాయండి, ఏ తేదీన ఏ అప్‌డేట్ వచ్చిందో చెప్పి, వారంటీ దాటినా తగ్గింపు ఇవ్వమనండి. ఒక్కోసారి ఇస్తారు. కాకపోతే బటన్ నొక్కిన మాట దాచకండి. నిజం చెప్తే మీ వాదన బలం తగ్గుతుంది, ఆపొద్దని తెర మీద రాసే ఉందని వాళ్లంటారు. అది తప్పూ కాదు. ఆ తర్వాత 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయడానికి ఖర్చు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలన్నా రెండేళ్ల గడువుంది, ఐదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. 2,500తో తేలే పనికి మాత్రం వాయిదాల చుట్టూ తిరగమని నేను చెప్పను.

ఇప్పుడు మీ మరిది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకి కంప్యూటర్ లోపలి సంగతులన్నీ వచ్చని ఇళ్లల్లో అనుకుంటారు. పాపం, వాళ్లూ కాదనలేక తలూపుతారు. అతను చేసింది మీ మంచికే, చెడగొట్టింది తొందరలో. ఇప్పుడు ఫోన్ ఎత్తనిది పొగరుతో కాదు, సిగ్గుతో అని నాకనిపిస్తోంది. "కొత్తది కొనిస్తా" అన్నదీ అందుకే. కానీ అతను కొనిచ్చే లాప్‌టాప్‌లో మీ లెక్కలుండవు.

మీకు అతనితో కోపం కంటే పెద్ద పని ఒకటుంది. విండోస్ చాలా లాప్‌టాప్‌లలో డిస్క్‌ని తనంతట తానే తాళం వేసి ఉంచుతుంది, బిట్‌లాకర్ అంటారు. మామూలు రోజుల్లో ఆ తాళం మనకి తెలియనే తెలియదు. బయోస్ మారినా, బోర్డు మారినా, ఎస్ఎస్‌డీ ఇంకో కంప్యూటర్‌కి పెట్టినా మాత్రం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే సర్వీస్ సెంటర్ కాదు కదా, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. ఆ కీ సాధారణంగా ఉండేది లాప్‌టాప్ మొదట సెట్ చేసినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో. మీ లాప్‌టాప్ సెట్ చేసింది ఎవరు? మీ ఈమెయిల్‌తో చేశాడా, తొందరగా అయిపోతుందని తనదే కొట్టేశాడా? ముందు మీ అకౌంట్‌లో చూడండి. లేకపోతే మీ లెక్కల తాళంచెవి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంది.

ఇంట్లో చెప్పాలా అన్నారు. అత్తగారి ముందు ఇవాళే చెప్తే మీ మీద పడ్డ మాట తొలగుతుంది. కానీ అతను ఇంకా ముడుచుకుపోతాడు, మీకు కావాల్సింది ఆలస్యమవుతుంది. అసలు చెప్పకుండా మింగేస్తే పని జరిగిపోతుంది గానీ, రేపు లాప్‌టాప్ బాగయ్యాక కూడా "ఒకసారి పాడుచేసింది" అన్న మాట మీ పేరునే ఉంటుంది. మీ ఆయనకి మాత్రం ఈ రాత్రే చెప్పేయండి, 21,500 మాట ఆయన దగ్గరికి ఎలాగూ వెళ్లింది కాబట్టి. అత్తగారికి చెప్పే అవకాశం మరిదికే వదలండి, ఈ నెలాఖరు దాకా. అతను చెప్పకపోతే అప్పుడు మీరు చెప్పినా తప్పులేదు. తప్పు మీదా అని అడిగారు. బటన్ మీది కాదు. నాలుగు నెలలు బ్యాకప్ తీయకపోవడం మీదే, అది మీకూ తెలుసు, ఇంకేం చెప్పను.

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి మెసేజ్ పెట్టండి. నిష్ఠూరం లేకుండా, పని మాట: "కొత్తది వద్దులే బాబూ. నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఈ లాప్‌టాప్ పేరు మీద బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో చూడు. అది దొరికితే నా లెక్కలు దొరుకుతాయి. రిపేర్‌కి నువ్వే తీసుకెళ్లాలి." చేయడానికి పనుంటే మనిషి ఫోన్ ఎత్తుతాడు.

స్క్రీన్‌షాట్ పంపించినా సరే, ఒకసారి ఫోన్‌లో చదివించుకోండి. ఆరంకెల చొప్పున ఎనిమిది గుంపులుంటాయి. అతను చదువుతుంటే లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకుని, మొత్తం తిరిగి చదివి వినిపించండి.